గొంతు ఒక్కటే చాలునా?



ఈ నెల మన శీర్షికలో, పల్లెల్లో చాలా ఇండ్లలో వినిపించే ఒక ప్రశ్నను తీసుకుంటున్నాము. ఇంట్లో ఒక అబ్బాయో అమ్మాయో చక్కగా పాడతారు. సండే స్కూలులో మొదలైన పాట పదేళ్లు తిరిగేసరికి క్రిస్మసు ఆరాధనలో మందిరమంతా వినేంతగా ఎదుగుతుంది. విన్నవారు, "మీ బిడ్డ గొంతులో తేనె ఉన్నది, ఇక్కడెందుకు ఉంచారు? హైదరాబాదు పంపండి" అంటారు. బిడ్డ కూడా, "ఇక చదవను, పాటే నా బ్రతుకు" అంటుంది. తండ్రికి ఉన్నది రెండెకరాలు. తల్లికి చెవుల కమ్మలు తప్ప వేరే బంగారము లేదు. ఇంతలో ఎవరో వచ్చి, "లక్ష రూపాయలు తెండి, ఆల్బమ్ చేయిస్తాము, పేరు దానంతటదే వస్తుంది" అంటారు. ఇప్పుడేమి చేయాలి? పంపాలా, ఆపాలా?

ఏదో ఒకటి ఒక్క మాటలో చెప్పడం సులువే. కాని ఆ మాట మీద ఒక బిడ్డ భవిష్యత్తు, ఒక కుటుంబపు పొలము ఆధారపడి ఉన్నవి. అందుచేత మేము ముందుగా ఇంకొక ప్రశ్న వేస్తాము. పాటనే వృత్తిగా చేసుకొని బ్రతకడానికి ఏ సామర్థ్యములు కావాలి? అవి మన బిడ్డలో ఉన్నవో లేవో, పైసా ఖర్చు లేకుండా మన ఇంట్లోనే ఎంతవరకు తెలుసుకోవచ్చు?

మొదటిది చెవి

గాయకునికి మొదట కావలసినది గొంతు అని అందరూ అనుకుంటారు. నిజానికి మొదట కావలసినది చెవి. తాను పాడే స్వరము శ్రుతిలో ఉన్నదో తప్పినదో తనకే తెలియాలి. ఆ తెలివి లేనివాని గొంతు ఎంత తియ్యనిదైనా ప్రయోజనము తక్కువ. ఆ తెలివి ఉన్నవాడు సామాన్యమైన గొంతుతో కూడా విన్నవారిని కూర్చోబెడతాడు.

దీనిని పరీక్షించడం కష్టము కాదు. మందిరములో హార్మోనియము ఉంటే ఒక మెట్టు నొక్కి బిడ్డకు ఆధార షడ్జము ఇవ్వండి. తర్వాత వాద్యము ఆపి, ఒక కీర్తనను మొదటి చరణము నుండి చివరి చరణము వరకు ఒంటరిగా పాడమనండి. పాట ముగిసిన వెంటనే మళ్లీ అదే మెట్టు నొక్కండి. బిడ్డ ముగించిన శ్రుతి, మీరిచ్చిన శ్రుతి ఒక్కటిగా ఉంటే మంచి గురుతు. పాట నడుస్తుండగా కొంచెము కొంచెముగా కిందికి జారిపోతే, లేక ఉత్సాహములో పైకి ఎక్కిపోతే సాధన కావాలి. నిరుత్సాహపడకండి. పుట్టుకతోనే స్వరభేదము తెలియనివారు బహు కొద్దిమంది. మిగిలినవారికి ఉదయము తంబురా శ్రుతితో కలిపి అరగంట పాడే అలవాటు చాలా దిద్దుతుంది. ఇప్పుడు తంబురా శ్రుతి సెల్ ఫోనులో కూడా దొరుకుతున్నది.

ఇంకొక మాట. ఎవరి శ్రుతి వారిదే. మన సంగీతములో సామాన్యముగా పురుషులు ఒకటి, రెండు కట్టెల శ్రుతిలో, స్త్రీలు అయిదు, ఆరు కట్టెల శ్రుతిలో పాడతారు. మన మందిరాలలో వాయించేవారికి అనువైన శ్రుతిలో పాట ఎత్తుకోవడం, పిల్లలు దానిని అందుకోలేక అరవడం జరుగుతూ ఉంటుంది. దానిని బట్టి బిడ్డకు గొంతు లేదని తీర్పు చెప్పవద్దు.

రెండవది తాళము

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము ఇంట్లో ఉంటే తీసి చూడండి. చాలా కీర్తనలకు పైన రాగము పేరు, తాళము పేరు అచ్చయి ఉంటవి. మన పెద్దలు ఆ రెండూ తెలిసి వ్రాసినవారు, తెలిసి పాడినవారు. మనము వాటిని చూడకుండా నేరుగా మొదటి మాటకు వెళ్లిపోతున్నాము.

ఆదితాళమంటే 8 అక్షరములు. బిడ్డను చేత్తో తాళము వేస్తూ ఒక కీర్తన పాడమనండి. తర్వాత తాళము వేగము మార్చకుండా, పాటను రెండింతలు నిదానముగా పాడమనండి. నిదానముగా పాడేటప్పుడే లోపము బయటపడుతుంది. వేగముగా పాడేవారిని డప్పు, డోలకు మోసుకొనిపోతవి. నెమ్మదిగా పాడేవానికి లోపల తాళము ఉండాలి. రికార్డింగు గదిలో చెవులకు ఇయర్‌ఫోనులు పెట్టి, ముందే వాయించి ఉంచిన సంగీతము మీద పాడమంటారు. అక్కడ అర మాత్ర తప్పినా మళ్లీ మొదటికి రావలసిందే.

మూడవది ఊపిరి, దానితో పాటు గొంతు ఆరోగ్యము

పాట ఊపిరి మీద నడుస్తుంది. గొంతులోని స్వరపేటికలో రెండు చిన్న స్వరతంత్రులు ఉన్నవి. మనము మాట్లాడేటప్పుడు అవి పురుషులలో సెకనుకు సుమారు 100 నుండి 130 సార్లు, స్త్రీలలో 200 సార్లకు అటు ఇటుగా కంపిస్తవి. పాటలో పై స్థాయికి వెళ్లినప్పుడు ఇంకా ఎక్కువ. అంత సున్నితమైన వాటిని అరుపుతో కొట్టడం మంచిది కాదు.

గడియారము పెట్టుకొని, నిండుగా ఊపిరి తీసుకొని "ఆ" అని ఒకే స్థాయిలో పాడమనండి. ఆరోగ్యవంతులైన పెద్దవారు సుమారు 15 నుండి 25 సెకన్లు నిలపగలరు. ఎంతసేపు నిలిపారన్నదానికంటే, చివరి వరకు స్వరము వణకకుండా ఉన్నదా అన్నది ముఖ్యము. భుజాలు ఎగురవేసి పైపై ఊపిరి తీసుకోవడం చాలామందికి అలవాటు. పొట్ట, పక్కటెముకలు విప్పారేలా తీయడం నేర్పాలి.

గొంతు విషయములో మన ఊళ్లలో కొన్ని అలవాట్లు హాని చేస్తున్నవి. మూడు రాత్రులు కూటములు జరిగితే పాడే పిల్లలు మూడు రాత్రులూ లౌడుస్పీకరుతో పోటీపడి పాడతారు. నాలుగవ రోజు మాట రాదు. దానికి మిరియాల కషాయము పోసి, మళ్లీ ఆదివారము నిలబెడతారు. మనము మ్రింగినదేదైనా అన్నవాహికలోకి పోతుంది గాని నేరుగా స్వరతంత్రులను తాకదు. కషాయము గొంతుకు హాయినివ్వవచ్చు, కాని అలసిన తంత్రులను అది బాగుచేయదు. వాటికి కావలసినవి విశ్రాంతి, నిద్ర, రోజంతా తగినన్ని మంచినీళ్లు. మాటిమాటికి గొంతు సవరించుకోవడం తగ్గించాలి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. చాలామందికి అది కూడా శ్రమే. పొగ, గుట్కా సంగతి చెప్పనక్కర లేదు. రాత్రి ఆలస్యముగా కారముగా తిని వెంటనే పడుకుంటే పులితేన్పులు పైకి వచ్చి గొంతును చెడుపుతవి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఎక్కువ అరుపు వలన తంత్రుల మీద చిన్న చిన్న గడ్డలు వస్తవి. మొదట్లోనే చూపిస్తే చాలామందికి విశ్రాంతితోను, మాట్లాడే తీరు దిద్దుకోవడముతోను తగ్గిపోతవి.

మగపిల్లల తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. 12 నుండి 16 ఏళ్ల మధ్య వారి గొంతు మారుతుంది. ఆ కాలములో పాత శ్రుతిలోనే పాడాలని బలవంతము చేయకూడదు. నిన్నటిదాకా కోకిలలా పాడినవాడు ఈరోజు పగిలిన కుండలా పలికితే ఎగతాళి చేయకూడదు. ఆ ఒక్క ఎగతాళికి పాట మానేసిన పిల్లలున్నారు. కొత్త గొంతు కుదురుకున్న తర్వాతనే అతడు ఎటువంటి గాయకుడో చెప్పగలము.

నాలుగవది మాట

పాట అంటే రాగముతో పలికిన మాట. మాట తెలియకపోతే పాట సగమే. శ, ష, స లు మూడూ ఒకటిగా పలకడం, ణ ను న గా, ళ ను ల గా అనడం, వత్తులు మింగేయడం ఈనాడు ఎక్కువైనది. బిడ్డ చేత రోజూ ఒక పుట గట్టిగా చదివించండి. పాట నేర్చుకునే ముందు దాని మాటలను రాగము లేకుండా అర్థము తెలిసి చదవమనండి.

పి. సుశీల గారి సంగతి చూడండి. 1935లో విజయనగరములో పుట్టిన ఆమె అక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదివారు. 1953లో 'కన్నతల్లి'తో సినిమా పాటకు వచ్చారు. తమిళములో పాడవలసి వచ్చినప్పుడు ఆ భాష ఉచ్చారణ కోసము ప్రత్యేకముగా ఉపాధ్యాయుని వద్ద నేర్చుకున్నారు. తర్వాత తమిళులే ఆమె తమిళ ఉచ్చారణను మెచ్చుకున్నారు. 2016లో గిన్నిస్ వారు ఆమె పేర 17,695 పాటలను లెక్కించి నమోదు చేశారు. అన్ని పాటల వెనుక ఒక్కొక్క అక్షరము మీద పెట్టిన శ్రద్ధ ఉన్నది.

అయిదవది నేర్చుకొనే మనస్సు

"మా వాడు వినగానే పాడేస్తాడు, నేర్పేదేముంది?" అనే తండ్రులున్నారు. వినగానే పాడగలగడం గొప్ప వరమే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారికి ఆ వరము ఉండేది. ఇంజనీరింగు చదువుతూనే పాటల పోటీలలో పాల్గొని, 1966లో ఎస్.పి. కోదండపాణి గారి సంగీతములో తొలి సినిమా పాట పాడారు. క్రమముగా శాస్త్రీయ సంగీతము నేర్చుకున్నవారు కారు. అయినను 1980లో వచ్చిన 'శంకరాభరణము'లో ఒక సంగీత విద్వాంసుని పాత్రకు పాడవలసి వచ్చింది. ఆయన నాకు అంతా వచ్చు అనుకోలేదు. కె.వి. మహదేవన్ గారి సహాయకులైన పుహళేంది గారి దగ్గర కూర్చొని, ప్రతి సంగతీ నేర్చుకొని పాడారు. ఆ పాటకు జాతీయ పురస్కారము వచ్చింది. అప్పటికే పేరు పొందినవాడు విద్యార్థిగా కూర్చోగలిగాడు. మన పిల్లలు నేర్చుకోవలసినది అది.

ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టి, చిన్నతనములోనే తండ్రిని పోగొట్టుకున్నారు. సంగీతము కోసము విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద నేర్చుకున్నారు. ఇండ్ల ముందు మధుకరము ఎత్తి కడుపు నింపుకున్నారు. మద్రాసు వెళ్లిన తర్వాత కూడా మొదట దొరికినవి బృందగానములు, చిన్న చిన్న వేషాలు. మనము విన్న ఘంటసాల అంతా ఆ సంవత్సరాల తర్వాతి వ్యక్తి.

కనుక ఈ పరీక్ష చేయండి. బిడ్డ పాడినది ఫోనులో రికార్డు చేసి, బిడ్డకే వినిపించి, "ఇందులో బాగులేనిది నీవే చెప్పు" అనండి. తన తప్పు తాను పట్టుకోగలిగితే గాయకుని లక్షణము ఉన్నట్లే. మొదటిసారి కుదరక, రెండవసారి, పదవసారి, ఇరువదవసారి కూడా విసుగు లేకుండా అదే పంక్తి పాడితే ఇంకా మంచిది. తప్పు చూపినందుకు అలిగి రెండు రోజులు అన్నము మానేస్తే, అటువంటి బిడ్డను ముందు గురువు చేతిలో పెట్టాలి. వేదిక సంగతి తర్వాత.

ఆరవది సంపాదన లెక్క

వృత్తి అన్న తర్వాత కూడు పెట్టాలి. టీవీ పోటీలో మెరిసిన ప్రతి బిడ్డా సినిమా గాయకుడు కాలేడు. సినిమా పాటలు కొద్దిమందికే దొరుకుతవి. అయితే పాటతో గౌరవముగా బ్రతికే మార్గములు ఇంకా ఉన్నవి. పిల్లలకు సంగీతము నేర్పవచ్చు. సంగీతములో డిగ్రీ ఉంటే కేంద్రీయ విద్యాలయాలలో ప్రాథమిక తరగతుల సంగీతము టీచరు ఉద్యోగానికి ప్రయత్నించవచ్చు. ఆకాశవాణి ఆడిషనులో నెగ్గినవారికి బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులుంటవి. ఆ గ్రేడు ఒక యోగ్యతాపత్రము వంటిది. గాయక బృందములకు శిక్షణ ఇవ్వడం, ప్రకటనలకు, కథలకు గొంతు ఇవ్వడం కూడా ఉన్నవి. ఈ పనులన్నిటికీ పాటతో పాటు చదువు కావాలి. అందుకే బడి మాన్పించవద్దని గట్టిగా చెబుతున్నాము.

నేర్చుకోవడానికి ఎక్కువ సొమ్ము కావాలనుకోవద్దు. 1919లో ఆరంభమైన విజయనగరము మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. అది ఇప్పుడు ప్రభుత్వ కళాశాల. విజయవాడలో ఘంటసాల గారి పేర, హైదరాబాదులో త్యాగరాజు పేర ప్రభుత్వ సంగీత కళాశాలలున్నవి. ప్రైవేటు వారి దగ్గరకు పోయే ముందు వీటిని విచారించండి. పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకునేవారికి లండను ట్రినిటీ కళాశాల వారి పరీక్షలు 1 నుండి 8 గ్రేడుల వరకు ఉంటవి.

ఇక కాగితముల సంగతి. ఎవరైనా సంతకము చేయమంటే చదవకుండా చేయవద్దు. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారము, రికార్డయిన పాటను వ్యాపారానికి వాడుకున్నప్పుడు గాయకునికి రాయల్టీ హక్కు ఉన్నది. ఆ హక్కు 50 సంవత్సరములు నిలుస్తుంది. గాయకుల తరఫున దానిని చూడడానికి 2013లో ఒక సంఘము కూడా ఏర్పడినది. "అన్ని హక్కులు మావే" అని వ్రాసిన కాగితము తెస్తే, తెలిసిన వకీలుకు చూపించి, అర్థమైన తర్వాతనే నిర్ణయించుకోండి.

పొలము తాకట్టు పెట్టి ఆల్బమ్ చేయించవచ్చునా అంటే, వద్దు అని మా మాట. పేరున్నవారి పాటలే లెక్కకు మిక్కిలిగా యూట్యూబులో ఉన్నప్పుడు, ఎవరూ ఎరుగని బిడ్డ ఒక్క ఆల్బమ్‌తో నిలబడడం అరుదు. బిడ్డలో సామర్థ్యము ఉంటే గాయకునికి ఇతరులు సొమ్ము ఇస్తారు. గాయకుని దగ్గరే సొమ్ము అడిగేవారి వ్యాపారము పాట కాదు, మన ఆశ.

సంఘము చేయగలిగినది

ఇదంతా ఒక్క కుటుంబము మోయవలసిన భారమేనా? అమెరికాలో మేరియన్ ఆండర్సన్ అనే గాయని ఉండేవారు. ఆమె 1897లో ఫిలడెల్ఫియాలో ఒక బీద నల్లజాతి కుటుంబములో పుట్టి, 6 ఏళ్లకే చర్చిలో పిల్లల గాయక బృందములో చేరారు. తండ్రి ఆమె చిన్నతనములోనే చనిపోయాడు. తల్లి కూలికి పనిచేసి పిల్లలను పెంచింది. రంగును బట్టి ఒక సంగీత పాఠశాల ఆమెను చేర్చుకోలేదు. అప్పుడు ఆమె సంఘస్థులు చందాలు వేసుకొని ఆమెకు పాఠములు చెప్పించారు.

ఆమె దారి కూడా సాఫీగా లేదు. 1924లో న్యూయార్కులో చేసిన కచేరీకి మంచి పేరు రాలేదు. పరభాషా పాటలు వల్లించినట్లున్నవని విమర్శ వచ్చింది. పాడడమే మానుకోవాలన్నంతగా ఆమె కుంగిపోయారు. కాని తర్వాత యూరపు వెళ్లి ఆ భాషలు నేర్చుకొని వచ్చారు. 1939లో వాషింగ్టనులోని ఒక పెద్ద హాలులో పాడడానికి ఆమె రంగు అడ్డమైనది. ఆ ఏడు ఏప్రిల్ 9న, ఈస్టరు ఆదివారము, లింకన్ స్మారకము మెట్ల మీద ఆమె పాడితే సుమారు 75,000 మంది నిలబడి విన్నారు. 1955లో, 57 ఏళ్ల వయసులో, న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరాలో పాడిన మొదటి నల్లజాతి గాయని అయ్యారు. ఆ మొదటి పాఠములకు చందా వేసినవారంతా ధనవంతులు కారు.

మన సంఘములు కూడా ఈ పని చేయగలవు. పండుగనాడు శాలువ కప్పి చప్పట్లు కొట్టడం కంటే, ఒక సంవత్సరము నెలకు ఇంత అని సంగీతపు ఫీజు కట్టడం మేలు. బస్సు చార్జీ ఇచ్చి పట్టణములోని గురువు దగ్గరకు వారానికి రెండుసార్లు పంపడం మేలు. ఆడపిల్ల అయితే, వెళ్లే చోటు ఎటువంటిదో ఇద్దరు పెద్దలు ముందుగా పోయి చూచి రావడం తప్పనిసరి.

మా సలహా

తల్లిదండ్రులారా, పంపాలా ఆపాలా అన్న ప్రశ్నకు మా జవాబు ఇది. రెండు సంవత్సరముల గడువు పెట్టుకోండి. చదువు ఆగకూడదు, అప్పు చేయకూడదు. ఒక మంచి గురువును చూచి సరళీ స్వరముల నుండి మొదలుపెట్టించండి. రోజూ ఉదయము గంట సాధన జరగాలి. మీరు లేపకుండా బిడ్డ తానే లేస్తున్నదా, వరిగంప మోసిన రోజు కూడా శ్రుతి పెట్టుకొని కూర్చుంటున్నదా గమనించండి. రెండేళ్లయిన తర్వాత, మీ బంధువు కాని, మీ సంఘస్థుడు కాని సంగీతజ్ఞుని దగ్గర పాడించి నిజము చెప్పమనండి. ఆయన ముందుకు పొమ్మంటే ధైర్యముగా పంపండి. "ఈ బిడ్డకు పాట ఆనందానికి చాలు, జీవనానికి చాలదు" అంటే దానిని కూడా మర్యాదగా అంగీకరించండి. రెండేళ్లలో నేర్చినదేదీ వృథా కాదు. ఆ బిడ్డ టీచరైనా, నర్సైనా, రైతైనా, శ్రుతి తెలిసిన ఒక గొంతు ఆ ఊరికి మిగులుతుంది.

బిడ్డలారా, మీకు ఒక మాట. "నీవు పాడలేవు" అన్నవారి మాటకు కుంగవద్దు, "నీ అంత గాయకుడు లేడు" అన్నవారి మాటకు పొంగవద్దు. రేపు ఉదయము అయిదు గంటలకు లేచి, శ్రుతి పెట్టుకొని, "స" అని ఒక్క స్వరము స్థిరముగా నిలపండి. అది నిలిచిన తర్వాత "రి" సంగతి చూద్దాము.